పింఛను ఒకటో తారీఖున వస్తుంది, నిరుద్యోగ భృతి ఎందుకు రాదు?

రాజ్యాంగంలోని 41వ అధికరణం నాలుగు కష్టాలను ఒకే వరసలో చెబుతుంది: నిరుద్యోగం, వృద్ధాప్యం, అనారోగ్యం, అంగవైకల్యం. వీటిలో ఏది వచ్చిపడినా ప్రభుత్వం తన ఆర్థిక స్తోమతకు లోబడి సాయం అందించాలన్నది ఆదేశం. ఆదేశిక సూత్రం కాబట్టి దీన్ని పట్టుకుని కోర్టుకెళ్లి డబ్బు రాబట్టడం కుదరదు. అయినా తెలుగు రాష్ట్రాల్లో ఆ నాలుగింటిలో మూడింటికి ఏదో ఒక దారి పడింది. ముసలితనానికి, వైకల్యానికి పింఛన్లు ఉన్నాయి. జబ్బు చేస్తే 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఉంది. వరసలో అన్నిటికంటే ముందున్న నిరుద్యోగం మాత్రం మేనిఫెస్టోలు దాటి గట్టిగా బయటకు రాలేదు.

డబ్బుల్లేకనే అని చాలామంది అంటారు. అది సగమే నిజం. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ భరోసా కింద 63 లక్షల మందికి పైగా పింఛను అందుతోంది. నెలకు దాదాపు రూ.2,700 కోట్లు, ఏడాదికి రూ.32 వేల కోట్ల పైమాటే. 2024 ఎన్నికల సూపర్ సిక్స్ హామీల్లో చెప్పిన నెలకు రూ.3,000 నిరుద్యోగ భృతిని దీని పక్కన పెట్టి చూడండి. పది లక్షల మందికి ఇచ్చారనుకున్నా ఏడాదికి అయ్యేది రూ.3,600 కోట్లు. అంటే పింఛన్ల ఖర్చులో తొమ్మిదో వంతు. ఏ ఆర్థిక మంత్రికైనా ఆ 3,600 కోట్ల కంటే పెద్ద భయం ఇంకొకటి ఉంటుంది: లెక్క పది లక్షల దగ్గర ఆగుతుందని ఎవరు హామీ ఇస్తారు?

పింఛను పెరిగిన తీరు చూస్తే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. 1995 ఆగస్టు 15న కేంద్రం జాతీయ సామాజిక సహాయ కార్యక్రమాన్ని మొదలుపెట్టినప్పుడు వృద్ధాప్య పింఛను నెలకు రూ.75. 2006లో దాన్ని రూ.200 చేశారు. 60 నుంచి 79 ఏళ్ల వాళ్లకు కేంద్రం వాటా ఇప్పటికీ ఆ రూ.200 దగ్గరే ఉంది. పెరిగిందంతా రాష్ట్రాలు సొంతంగా కలుపుకున్నదే. విభజన నాటికి వృద్ధులకు రూ.200 అందేది. 2014 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ దాన్ని వెయ్యి చేసింది, 2019 జనవరిలో రెండు వేలు చేసింది. ఆ తర్వాత వచ్చిన ప్రభుత్వం రూ.2,250తో మొదలుపెట్టి 2024 జనవరికి రూ.3,000కు చేర్చింది. అదే ఏడాది జులైలో కూటమి ప్రభుత్వం రూ.4,000 చేసింది. తెలంగాణలో 2014 నవంబరులో ఆసరా వెయ్యితో మొదలై, 2019లో రూ.2,016 అయింది. ప్రభుత్వాలు మారినప్పుడల్లా పథకం పేరు మారింది, ఇచ్చే తీరూ మారింది. మొత్తాన్ని తగ్గించే సాహసం మాత్రం ఎవరూ చేయలేదు.

భృతి కథ ఇంకోలా నడిచింది. ఆంధ్రప్రదేశ్‌లో 2018 అక్టోబరు 2న ముఖ్యమంత్రి యువనేస్తం మొదలైంది. 22 నుంచి 35 ఏళ్ల మధ్య ఉండి, డిగ్రీ గానీ డిప్లొమా గానీ చేసి, తెల్ల రేషన్ కార్డున్న ఇంటి నిరుద్యోగులకు నెలకు వెయ్యి రూపాయలు. ఎన్నికలు దగ్గర పడ్డాక దాన్ని రెండు వేలు చేశారు. 2019లో ప్రభుత్వం మారింది, పథకం ఆగింది. పింఛను ఆపి ఉంటే ఊరూరా గొడవ అయ్యేది. యువనేస్తం ఆగితే పెద్ద కదలిక లేదు. తెలంగాణలో అసలు మొదలే కాలేదు. 2018 ఎన్నికల్లో టీఆర్ఎస్ నెలకు రూ.3,016 భృతి ఇస్తామంది. 2019 ఫిబ్రవరి ఓటాన్ అకౌంట్ బడ్జెట్‌లో అందుకు రూ.1,810 కోట్లు చూపించారు కూడా. ఆ డబ్బు నిరుద్యోగి ఖాతా దాకా రాలేదు. 2023 మేలో సరూర్‌నగర్ సభలో కాంగ్రెస్ ప్రకటించిన యూత్ డిక్లరేషన్‌లో ఆ మొత్తం నెలకు రూ.4,000 అయింది. హామీలో అంకె మాత్రం ప్రతి ఎన్నికకూ పెరుగుతూనే ఉంది.

నిరుద్యోగి అని ఎవరు రాసిస్తారు?

అన్ని పార్టీలదీ ఒకే రకం మోసం అని తేల్చేస్తే అసలు కారణం కనిపించకుండా పోతుంది. భృతి నిలబడకపోవడానికి మొదటి కారణం రుజువు.

వయసు ఆధార్‌లో ఉంటుంది. భర్త చనిపోయినట్టు మరణ ధ్రువపత్రం ఉంటుంది. వైకల్యానికి సదరం సర్టిఫికెట్ ఉంటుంది. ఇంత ఉండి కూడా తగాదాలు తప్పడం లేదు. 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దివ్యాంగుల పింఛన్లను డాక్టర్లతో మళ్లీ పరీక్ష చేయించి నోటీసులు ఇచ్చినప్పుడు ఎంత ఆందోళన రేగిందో తెలిసిందే. కంటికి కనిపించే కష్టానికే ఇంత పేచీ ఉంటే, కనిపించని నిరుద్యోగానికి సర్టిఫికెట్ ఎవరిస్తారు? ఒకప్పుడు ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజి కార్డు ఉండేది. ఉద్యోగం వచ్చినా రెన్యువల్ చేయించుకుంటూ పోయినవాళ్లు ఉన్నారు, జీవితంలో ఒక్క కాల్ లెటర్ కూడా రానివాళ్లూ ఉన్నారు. ఆ కార్డు చూసి మనిషి ఖాళీగా ఉన్నాడో లేడో చెప్పడం అప్పుడూ కుదరలేదు.

పైగా పింఛనుకు అర్హత ఒకసారి తేలితే దాదాపు జీవితాంతం ఉంటుంది. నిరుద్యోగం అలా కాదు. మార్చిలో పని లేని మనిషికి ఏప్రిల్లో దొరకొచ్చు, జూన్‌లో మళ్లీ పోవచ్చు. అంటే అర్హతను నెలనెలా చూడాలి. సచివాలయ సిబ్బంది ఒకటో తారీఖున పింఛను ఇంటికి తెచ్చివ్వగలరు గానీ, ఎదురుగా ఉన్న కుర్రాడు పోయిన నెలంతా సెల్ ఫోన్ రిపేరు షాపులో కూర్చున్నాడో లేదో ఎలా తేలుస్తారు?

ఇంకా లోతైన చిక్కు ఒకటుంది. ఈ దేశంలో ‘నిరుద్యోగి’ అని లెక్కకెక్కేది ఎవరు? 2023-24 కార్మిక సర్వే ప్రకారం దేశంలో నిరుద్యోగం 3.2 శాతమే. పని చేస్తున్నవాళ్లలో 58 శాతం మంది స్వయం ఉపాధిలో ఉన్నారు. అంటే సొంత పొలం, తోపుడు బండి, కిరాణా కొట్టు, కుటుంబ పనిలో జీతం లేని చాకిరీ. దాదాపు 20 శాతం మంది రోజుకూలీలు. నెలజీతం ఉన్నవాళ్లు అయిదుగురిలో ఒకరి కంటే కాస్త ఎక్కువ. సర్వే అమలు చేసే వారపు లెక్కలో అయితే, వారం మొత్తంలో ఒక్క గంట పని దొరికినా ఆ మనిషి నిరుద్యోగి కాడు. కూలీల అడ్డా మీద పొద్దున్నే నిలబడి, వారంలో నాలుగు రోజులు ఉత్త చేతులతో ఇంటికెళ్లిన తాపీ పనివాడు ఆ లెక్కలో పని ఉన్నవాడే. అడ్డా మీద పని దొరక్కపోతే దొరికిన కూలికే మూటలు మోస్తాడు, లేదంటే అప్పు చేస్తాడు. ఏళ్ల తరబడి మంచి ఉద్యోగం కోసం ఖాళీగా ఎదురుచూడాలంటే వెనక తిండి పెట్టే ఇల్లుండాలి.

అందుకే మన భృతి పథకాలన్నీ డిగ్రీ దగ్గర మొదలవుతాయి. యువనేస్తంలో గ్రాడ్యుయేట్ ఉన్నాడు, పదో తరగతి ఫెయిలై తాపీ పనిలోకి పోయినవాడు లేడు. కోచింగ్ సెంటర్లలో గ్రూప్స్‌కూ డీఎస్సీకీ చదువుకుంటూ నెలనెలా ఇంటి నుంచి డబ్బు తెప్పించుకునే పిల్లల కష్టం తక్కువదని కాదు. వాళ్లు అడుగుతారు, ధర్నా చేస్తారు, ఓటేస్తారు. కాబట్టే హామీ వాళ్ల పేరు మీద వస్తుంది. కానీ తక్కువ ఆదాయానికి సాయం అనే కొలతతో చూస్తే డిగ్రీ షరతు తలకిందులు వ్యవహారం.

రాజకీయంగానూ ఓ ఇబ్బంది ఉంది. పింఛనుదార్ల సంఖ్య పెరిగితే అది ప్రభుత్వానికి గొప్ప, ఫ్లెక్సీ మీద వేసుకుంటారు. భృతి తీసుకునేవాళ్ల సంఖ్య పెరిగితే ఉద్యోగాలు ఇవ్వలేదని ప్రభుత్వమే ప్రతి నెలా రాతపూర్వకంగా ఒప్పుకున్నట్టు అవుతుంది. ప్రతిపక్షానికి అంతకంటే ఏం కావాలి?

పేరు పెట్టని భృతులు

ఇంతా చెప్పాక, నిరుద్యోగ భృతి మన దగ్గర లేనే లేదనడం కూడా సరికాదు. వేరే పేర్లతో ఉంది, బాగానే నడుస్తోంది.

తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్లతో చేపల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి ప్రభుత్వమే వేట ఆపుతుంది. ఆ రెండు నెలలకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మత్స్యకార కుటుంబాలకు డబ్బు ఇస్తుంది. ఒకప్పుడు నాలుగు వేలు, 2019 నుంచి పదివేలు, 2025లో ఇరవై వేలు. అచ్చంగా ఇది నిరుద్యోగ భృతే. ఇక్కడ రుజువు గొడవ లేదు. పని ఎప్పుడు ఆగిందో, ఎందుకు ఆగిందో, ఎవరికి ఆగిందో ప్రభుత్వానికి ముందే తెలుసు. ఆపింది తనే కదా. 2025 ఆగస్టులో మహిళలకు ఉచిత బస్సు ప్రయాణం మొదలయ్యాక ఆటోలకు గిరాకీ పడిపోయిందని గోల మొదలైంది. అక్టోబరులో ఒక్కో ఆటో డ్రైవరుకు రూ.15,000 ఇచ్చారు. ఇదీ ఆ కోవలోదే. పోయింది పూర్తి పని కాకపోయినా, ప్రభుత్వ నిర్ణయం వల్ల తగ్గిన సంపాదనకు పరిహారం.

పింఛన్ల జాబితాలోనూ ఇలాంటివి దాగి ఉన్నాయి. చేనేత, కల్లుగీత కార్మికులకు 50 ఏళ్లకే పింఛను ఉంది. తెలంగాణలో బీడీ కార్మికులకూ ఉంది. యాభై ఏళ్లకు మనిషి ముసలివాడు కాడు. ముసలిదైంది ఆ వృత్తి. మరమగ్గాల ముందు చేతి మగ్గం నిలవలేదు, సిగరెట్ల ముందు బీడీ నిలవలేదు. ఆ మాట నేరుగా ఒప్పుకోకుండా పింఛను పేరుతో డబ్బు ఇస్తున్నారు. వృత్తి పోయిన మనిషికి నెలనెలా ఇచ్చే సాయానికి వేరే దేశాల్లో ఇంకో పేరుంటుంది.

వీటన్నిటిలో ఒక పోలిక ఉంది. ఎవరికి పని పోయిందో ఒక్కొక్కరినీ విచారించాల్సిన పని లేదు. ఒక వృత్తికో, ఒక కాలానికో పని పోయిందని ముందే తెలుసు. నిజంగా పనిచేసే భృతి కావాలంటే వెతకాల్సింది ఇలాంటి చోట్లే. ఇసుక సరఫరా ఆగినప్పుడు భవన నిర్మాణ కార్మికుడికి పని ఉండదు, ఇది ఎవరూ కాదనలేని విషయం. 1996 చట్టం కింద వాళ్ల సంక్షేమ బోర్డులకు నిర్మాణాల మీద సెస్సు కూడా వస్తుంది. ప్రమాదానికి, పెళ్లికి, కాన్పుకు సాయం చేయడానికి ఆ బోర్డుల్లో ఏర్పాట్లున్నాయి. పని లేని నెలలకూ ఇవ్వాలన్న ఆలోచన ఎందుకు గట్టిపడలేదో ఆశ్చర్యమే.

జీతగాళ్లకు ఉన్న కాస్త ఆసరా

పట్నంలో నెలజీతం మీద పనిచేసేవాళ్లకు ఈఎస్ఐ అనే కార్మిక బీమా ఉంది. ఉద్యోగం పోతే అందులోంచి డబ్బు వస్తుందన్న సంగతి చాలామంది కార్మికులకు తెలియదు. 2005 ఏప్రిల్ నుంచి రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన ఉంది. ఫ్యాక్టరీ మూతపడినా, రిట్రెంచ్‌మెంట్ జరిగినా, శాశ్వత వైకల్యం వచ్చినా మొదటి ఏడాది జీతంలో సగం, రెండో ఏడాది నాలుగో వంతు ఇస్తారు. 2018 జులైలో అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన వచ్చింది. మొదట సగటు వేతనంలో 25 శాతం ఇచ్చేవారు. కోవిడ్‌లో దాన్ని 50 శాతం చేసి, గడువును విడతలుగా పొడిగించుకుంటూ వచ్చారు. గరిష్ఠంగా 90 రోజులు, అదీ జీవితంలో ఒక్కసారే. నెలకు రూ.15,000 జీతగాడికి మూడు నెలలకు కలిపి రూ.22,500 దాకా వస్తుంది. అద్దె, కరెంటు బిల్లు, పిల్లల ఫీజు మధ్య అది ఎన్నాళ్లు ఆగుతుందో లెక్క వేసుకోవచ్చు.

కాగితం మీద షరతులు న్యాయంగానే కనిపిస్తాయి. చిక్కంతా ఉద్యోగం పోయే తీరులో ఉంది. తీసేశామని కంపెనీ రాసివ్వడం అరుదు. హెచ్ఆర్ వాళ్లు పిలిచి, రాజీనామా రాసిచ్చి వెళ్తే రిలీవింగ్ లెటర్‌లో ఏ మచ్చా ఉండదంటారు. ఆ సంతకంతో తొలగింపు కాస్తా స్వచ్ఛందం అయిపోతుంది. ఇక నెలకు రూ.21,000 దాటిన జీతగాడు ఈఎస్ఐ గీతకు బయటే ఉంటాడు. హైదరాబాద్‌లో లేఆఫ్ అయిన ఐటీ ఉద్యోగికి ప్రభుత్వం వైపు నుంచి వచ్చేది సున్నా.

అందుకే నిజ జీవితంలో జీతగాళ్ల నిరుద్యోగ భృతి పీఎఫ్. 2018 నాటి నిబంధనతో, ఉద్యోగం పోయిన నెలకే 75 శాతం, రెండు నెలలకు మిగతాది తీసుకునే వీలుండేది. 2025 అక్టోబరులో ఈపీఎఫ్ ట్రస్టీల బోర్డు పూర్తి సొమ్ము తీసుకునే గడువును 12 నెలలు చేయాలని నిర్ణయించింది. ముసలితనానికి దాచిన డబ్బు ముందే ఖర్చవుతోందన్నది వాళ్ల బాధ. బాధ న్యాయమైనదే. కానీ ఉద్యోగం పోయినవాడు పీఎఫ్ తీయకుండా ఉండాలంటే తీయడానికి ఇంకోటి ఉండాలి కదా. బ్రిటన్ 1911లోనే ఓడల తయారీ, నిర్మాణం వంటి కొన్ని పరిశ్రమల కార్మికులకు నిరుద్యోగ బీమా చట్టం చేసింది. కార్మికుడూ, యజమానీ, ప్రభుత్వమూ తలా కొంత వేసే పద్ధతి అది. మన ఈఎస్ఐలో కార్మికుడు 0.75 శాతం, యజమాని 3.25 శాతం కడుతూనే ఉన్నారు. చట్రం ఉంది, దాన్ని పెంచాలన్న పట్టుదలే లేదు.

కరువు పనిలో రశీదు

రుజువు సమస్యకు ఈ దేశం కనిపెట్టిన అసలైన జవాబు ఉపాధి హామీ. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఈ పథకాన్ని ఊళ్లలో ఇప్పటికీ కరువు పని అంటారు. నువ్వు నిరుద్యోగివేనా అని అది అడగదు. ఎండలో మట్టి పనికి వస్తావా అని అడుగుతుంది. అవసరం లేనివాడు తనంతట తానే రాడు. ఆస్తి సర్టిఫికెట్లు, డిగ్రీ షరతులు లేకుండానే పేదలు ఎవరో తేలిపోతుంది.

అదే చట్టంలోని ఏడో సెక్షన్‌లో నికార్సైన నిరుద్యోగ భృతి కూడా ఉంది. పని అడిగిన 15 రోజుల్లోగా ఇవ్వకపోతే మొదటి 30 రోజులు కూలి రేటులో కనీసం నాలుగో వంతు, ఆ తర్వాత కనీసం సగం ఇవ్వాలి. 2025-26లో తెలుగు రాష్ట్రాల్లో రోజు కూలి రూ.307. అంటే రోజుకు రూ.77, తర్వాత రూ.154. ఇది ఎన్నికల హామీ కాదు, పార్లమెంటు చేసిన చట్టం. మరి ఊళ్లో ఈ భృతి అందుకున్న మనిషి ఎందుకు కనిపించడు?

జవాబు ఖర్చు పంపకంలో ఉంది. ఈ ఉపాధి హామీ చట్టం ప్రకారం కూలి డబ్బు మొత్తం కేంద్రం ఇవ్వాలి, భృతి మాత్రం రాష్ట్రం తన జేబులోంచి ఇవ్వాలి. పని చూపిస్తే రాష్ట్రానికి కూలి ఖర్చు లేదు, చూపించకపోతే జరిమానా లాంటి భారం. కాబట్టి రాష్ట్రాలు పరుగెత్తి పని చూపిస్తాయన్నది చట్టం రాసినవాళ్ల ఆశ. ఆశ తప్పు కాదు, కానీ భృతి తప్పించుకోవడానికి ఇంకో సులువైన దారి ఉందని వాళ్లు గట్టిగా పట్టించుకోలేదు. పని అడిగినట్టు తేదీ వేసిన రశీదు ఇవ్వకపోతే సరి. ఫీల్డ్ అసిస్టెంట్ దగ్గర పని ఉన్నప్పుడు డిమాండు నమోదవుతుంది, పని లేనప్పుడు ‘వచ్చే వారం చూద్దాం’ అన్న మాటే మిగులుతుంది. కంప్యూటర్‌లో చూస్తే అడిగిన ప్రతి ఒక్కరికీ పని దొరికినట్టే ఉంటుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సామాజిక తనిఖీలో దేశానికే దారి చూపింది. దొంగ మస్టర్లను (హాజరు పట్టీలను), తప్పుడు కొలతలను ఆ తనిఖీ పట్టుకోగలదు. రికార్డులోకే ఎక్కని డిమాండును పట్టుకోవడం దానికీ కష్టమే.

తెలంగాణలో 2025 జనవరి 26న మొదలైన ఇందిరమ్మ ఆత్మీయ భరోసా ఈ బలహీనత మీదే నిలబడింది. భూమి లేని కూలీ కుటుంబానికి ఏడాదికి రూ.12,000 ఇవ్వాలన్నది మంచి ఆలోచన. రైతు బంధు రోజుల నుంచీ ఎకరాల లెక్కన డబ్బు ఇచ్చి, ఎకరం లేనివాళ్లను వదిలేశారన్న విమర్శకు ఇది జవాబు. కానీ కూలీ అని రుజువేంటి? 2023-24లో ఉపాధి హామీలో కనీసం 20 రోజులు పనిచేసి ఉండాలన్నారు. పని అడిగినా ఇవ్వనందుకు 20 రోజులు నిండనివాళ్లు రెండుసార్లు నష్టపోయారు. అప్పుడు పని రాలేదు, ఇప్పుడు భరోసా రాలేదు. ఉపాధి హామీ గ్రామీణ పథకం కాబట్టి పట్టణాల్లోని కూలీకి చూపించడానికి జాబ్ కార్డే ఉండదు.

ఇప్పుడు ఈ లెక్క మొత్తం మారుతోంది. ఉపాధి హామీ స్థానంలో 2025 డిసెంబరులో పార్లమెంటు వీబీ-జీ రామ్ జీ చట్టాన్ని ఆమోదించింది. రోజులు వంద నుంచి 125 అయ్యాయి. వ్యవసాయ పనులు ముమ్మరంగా ఉండే కాలంలో మొత్తం 60 రోజుల దాకా పని ఆపొచ్చు. ఖర్చులో మన రాష్ట్రాల వంటివాటి వాటా 40 శాతం అయింది. పని ఇవ్వకపోతే భృతి భారం ఇంతకు ముందులాగే రాష్ట్రానిదే.

చర్చంతా రోజుల చుట్టూ, పేరు చుట్టూ తిరిగింది గానీ భృతికి సంబంధించి ముఖ్యమైన మార్పు ఈ 40 శాతంలో ఉంది. రూ.307 కూలి, పాత భృతి రేట్లే లెక్కలోకి తీసుకుందాం. ఇదివరకు పని ఇస్తే రాష్ట్రానికి కూలి ఖర్చు సున్నా, ఇవ్వకపోతే రూ.77. ఇప్పుడు పని ఇస్తే కూలిలో దాదాపు రూ.123 రాష్ట్రమే పెట్టుకోవాలి, ఇవ్వకపోతే మొదటి 30 రోజులు అవే రూ.77. పని ఇవ్వడం కంటే ఇవ్వకపోవడమే చవక అన్నమాట. ఇక రశీదు కూడా రాయకపోతే ఆ రూ.77 కూడా లేదు.

కొత్త చట్టం కింద రాష్ట్రాలు తమ పథకాలకు నిబంధనలు రాసుకునేటప్పుడు చూడాల్సింది డిమాండు ఎవరి చేతుల మీదుగా నమోదవుతుందన్నదే. కూలీ ఫోన్ నుంచి ఒక నంబరుకు మిస్డ్ కాల్ ఇస్తే తేదీతో మెసేజ్ వచ్చేలా, ఆ మెసేజ్‌నే రశీదుగా ఒప్పుకునేలా, పదహారో రోజు నుంచి భృతి లెక్క దానంతటదే మొదలయ్యేలా ఏర్పాటు చేయడం ఈ రోజుల్లో పెద్ద పని కాదు. ప్రతి నెలా 63 లక్షల మందికి ఇంటి గుమ్మంలో పింఛను ఇచ్చి వేలిముద్ర తీసుకునే యంత్రాంగం ఆంధ్రప్రదేశ్ చేతిలో ఇప్పటికే ఉంది.